దీర్ఘాయుష్మంతుల చరిత్రలు: ఒక విమర్శ

ఆయుర్దాయమును గూర్చిన ఆశ తెలుగువారి నిత్యవ్యవహారములోనే నిక్షిప్తమై యున్నది. పిన్నలకు జాబు వ్రాయునపుడు పేరునకు ముందు 'చిరంజీవి' యని చేర్చుదురు. తలచుకొన్నంతలో ఇంటికి వచ్చినవానిని జూచి 'నీకు నూరేళ్లాయుస్సు' అందురు. అరువదియేండ్లు నిండినవారికి షష్టిపూర్తియు, వేయి పున్నములు చూచినవారికి సహస్రచంద్రదర్శనమును జరుపుదురు. ఈ ఆశ ఒక్క జాతిసొత్తు గాదు. ప్రపంచమందలి అన్ని భాషలలోను దీర్ఘాయుష్మంతుల చరిత్రలనదగిన వాఙ్మయ మొకటి పెరుగుచు వచ్చినది. ఎవరైన నూటపదియేండ్లు దాటిరని తెలిసినంతనే పత్రికావిలేఖరి వారి యింటికి పోవును, 'మీ ఆయూరహస్యమేమి?' యని అడుగును. వారు చెప్పిన నాలుగుమాటలు మరునాడు లోకమంతట ప్రచురింపబడును. చదివినవారు ఆ నాలుగుమాటలను ఉపదేశముగా స్వీకరింతురు.

ఇతర వాఙ్మయమును పరీక్షించు రీతినే దీనినిగూడ పరీక్షింపవలెను. ప్రాచీనగ్రంథమును పరిష్కరించు పండితుడు మొదట పాఠమును నిర్ణయించును. పిదప అర్థమును విచారించును. తుదకు ప్రయోజనమును తేల్చును. పాఠమే తప్పైనచో ఎంత చక్కని వ్యాఖ్యయు నిలువదు. దీర్ఘాయుష్మంతుని చరిత్రలో చెప్పబడిన వయస్సే పాఠము. వారు చెప్పిన రహస్యమునకు గల విలువయే అర్థము. దానివలన ఇతరులకు కలుగు మేలే ప్రయోజనము. ఈ క్రమముననే విచారణ సాగవలెను.

పాఠవిచారణకు ఇంగ్లండు దేశపు థామస్ పార్ కథ మంచి ఉదాహరణము. నూటఏబది రెండేండ్లవాడని ప్రసిద్ధికెక్కిన ఈ పల్లెటూరివానిని 1635లో ఒక ప్రభువు లండనునకు రప్పించి రాజునకు చూపెను. కొలది కాలమునకే అతడు అచట మరణించెను. శరీరమందలి రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వీ యంతటివాడు అతని కళేబరమును పరీక్షించెను. అవయవములు చెడలేదనియు, పట్టణపు మలినవాయువును అలవాటులేని భోజనమును అతనికి హానిచేసెననియు హార్వీ అభిప్రాయపడెను. పార్ దేహమును వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననము చేసిరి. కాని అతని జన్మవత్సరమునకు నమ్మదగిన ఆధారమేదియు లేదు. ఎంతటి మహావైద్యుడైనను శవమును జూచి దేనివలన మరణము సంభవించెనో చెప్పగలడు గాని, పుట్టిన యేడు చెప్పజాలడు. 1873లో విలియం థామ్స్ అను పరిశోధకుడు ఇట్టి కథలన్నింటిని పత్రములతో సరిచూచి గ్రంథము వ్రాసెను. వయస్సును రుజువు చేయవలసిన భారము చెప్పినవానిదే గాని సందేహించినవానిది కాదను నియమము ఆనాటినుండి ఈ శాస్త్రమునకు పునాది యయ్యెను.

అయినను ఇరువదవ శతాబ్దిలో పార్ కథవంటివి మరల మరల పుట్టినవి. 1973లో కాకసస్ ప్రాంతమున షిరాలీ ముస్లిమోవ్ అను గొల్లవాడు మరణింపగా అతని వయస్సు నూటఅరువదియెనిమిదేండ్లని సోవియట్ పత్రికలు చాటినవి. ఆ దేశమును విడిచివచ్చిన జోరెస్ మెద్వెదెవ్ అను శాస్త్రజ్ఞుడు 1974లో ఈ కథలను ఖండించుచు, జనన దాఖలాల లేమిని, ప్రభుత్వప్రచారమునకు వీనివలన కలిగిన లాభమును వివరించెను. దక్షిణ అమెరికాలో ఈక్వడారు దేశమందలి విల్కబాంబా లోయ కథయు ఇట్టిదే. అచట నూరేండ్లు దాటినవారు పెక్కుమంది కలరని అలెగ్జాండర్ లీఫ్ అను వైద్యాచార్యుడు నమ్మి 1973లో వ్రాసెను. తరువాత మేజెస్, ఫోర్మన్ అను ఇరువురు ఆ యూరి బాప్టిజము పుస్తకములను తిరుగవేసి 1979లో ఫలితములు ప్రకటించిరి. నూరేండ్లు దాటితిమన్నవారిలో ఒక్కరును నూరేండ్లవారు కారు! ఒక వృద్ధుడు 1970లో నిజముగా ఎనుబదియేడేండ్లవాడై యుండి నూటఇరువదియొక్క అని చెప్పెను. డెబ్బదియేండ్లు దాటినపిమ్మట అచ్చటివారి వయస్సు నోట వేగముగా పెరుగుచు వచ్చినట్లు తేలినది. లీఫ్ తన పూర్వాభిప్రాయమును విడిచిపెట్టెను. శాస్త్రమునకు ఇట్టి విడనాడుటయే గౌరవము.

ఇందు అబద్ధమాడు బుద్ధికంటె అయోమయమే ఎక్కువ పాలు గలదు. ఈ విషయమును తెలుగువారు ఇతరులకంటె సులభముగా గ్రహింపగలరు. ప్రభవాది సంవత్సరములు అరువదియేండ్లకొకసారి తిరిగి వచ్చును. పెద్దకరువు వచ్చిన ధాత 1876-77లో నడచినది. అదే పేరుగల సంవత్సరము 1936-37లో మరల వచ్చినది. 'ధాతలో పుట్టినాడు' అను మాటయొక్కటే మిగిలినచో వినువాడు కరువునాటి ధాతయని తలచుటకు అడ్డేమున్నది? ఒక్క పొరపాటుతో అరువదియేండ్లు అప్పనముగా చేరును. మరియు తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగువారి ఆచారము. ఇంటిపేరును పేరును ఒక్కటే యగుటచే పట్టాలలోను దస్తావేజులలోను ఇరువురు వ్యక్తులు ఒక్కరై పోవచ్చును. జపానులో షిగెచియో ఇజుమీ 1986లో మరణించినపుడు అతని వయస్సు నూటఇరువదియేండ్లని గిన్నిస్ గ్రంథము అంగీకరించెను. కాని అతడు పుట్టకముందే చనిపోయిన అన్న పేరును అతనికి పెట్టియుందురనియు, జననలేఖ ఆ అన్నదనియు సందేహము పుట్టి, తుదకు ఆ గుర్తింపు నిలువలేదు. పేరు ఒక్కటియైనంత మాత్రమున మనిషి ఒక్కడు కాడు.

పుట్టినయూరు విడిచి అన్యరాష్ట్రములలో స్థిరపడిన కుటుంబములకు ఈ చిక్కు మరియు హెచ్చు. తరలిపోయిన వారితో పాత్రసామగ్రి వచ్చును గాని గ్రామకరణపు లెక్కలు రావు. ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాములో జనన మరణములను పౌరరిజిస్టరులలో వ్రాయు పద్ధతి యుండెను. ఫ్రాన్సు దేశపు అదే పద్ధతి మూలముననే మానవచరిత్రలో అత్యధికాయువుగల వ్యక్తిని నిర్ణయించుట సాధ్యమైనది.

ఆ వ్యక్తి జాన్ కల్మా అను ఫ్రెంచి వనిత. ఆర్లెస్ పట్టణమున 1875 ఫిబ్రవరి 21న జన్మించి 1997 ఆగస్టు 4న మరణించినది. నూటఇరువదిరెండేండ్ల నూటఅరువదినాలుగు దినములు జీవించినదని పరిశోధకులు నిర్ణయించిరి. జననలేఖ, వివాహలేఖ, వరుసగా జనాభాలెక్కల పట్టికలు, ఇట్లు పత్రములు ఒకదానినొకటి సమర్థించినవి. అయినను 2018లో రష్యాదేశపు పరిశోధకులు ఇరువురు ఆక్షేపణ తెచ్చిరి. 1934లో మరణించినది తల్లియే యనియు, కుమార్తె ఇవొన్ తల్లి పేరు ధరించినదనియు వారి వాదము. 1997కు పూర్వము ఆ లేఖలను పరీక్షించినవారును మరికొందరును 2019లో దీనికి సమాధానము ప్రకటించిరి. పత్రసాక్ష్యము ఆమె పక్షముననే యున్నదని చూపిరి. శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు నేటికిని ఆమె వయస్సునే అంగీకరించుచున్నారు. సందేహము వచ్చినంతనే సత్యము కూలిపోదు. సందేహమునకు జవాబు చెప్పగలిగినదే సత్యము.

పత్రములున్నంత మాత్రమున చాలునా యన్న, అదియును చాలదు. 2010లో టోకియోలో నూటపదకొండేండ్లవాడని లెక్కలలో నున్న ఒక వృద్ధుడు సుమారు ముప్పదియేండ్ల క్రితమే చనిపోయియున్నట్లు బయటపడినది. ఇంటివారు అతని పేర పింఛను పుచ్చుకొనుచుండిరి. పిమ్మట ప్రభుత్వము వెదకింపగా, నూరేండ్లు దాటి జాడ తెలియనివారి పేర్లు కుటుంబరిజిస్టరులలో 2,34,354 తేలినవి. వీరిలో అనేకులు యుద్ధకాలమున చనిపోయియో, దేశము విడిచియో, మరణము నమోదు కానివారు. సాల్ న్యూమన్ అను పరిశోధకుడు ఇట్టి లోపములనే ఎత్తిచూపి, దీర్ఘాయుష్యమునకు పేరెన్నికగన్న ప్రాంతములు పెక్కు బీదరికము, దాఖలాల లోపము గల ప్రాంతములేయని వాదించెను. ఆ వాదమునకు 2024లో ఇగ్‌నోబెల్ బహుమానము లభించినది. సార్డీనియా ద్వీపమున ఊరూర లేఖలు సరిచూచిన మిషెల్ పులాన్ మున్నగువారు, తాము పరీక్షించిన వయస్సులు నిర్దుష్టములని ప్రత్యుత్తరమిచ్చిరి. వాదము ముగియలేదు. కాని ఇరుపక్షములవారును ఒప్పుకొన్న సంగతి యొకటి గలదు: పరీక్షింపని వయస్సునకు విలువ లేదు.

ఇక అర్థవిచారణ. నిర్ణీతవయస్కుల మాటలనే తీసికొందము. కల్మా వనిత ఆలివునూనెను, పోర్టు ద్రాక్షాసవమును, చాక్లెట్టును మెచ్చుకొన్నది. నూరుదాటిన పిమ్మటగూడ చిరకాలము మితముగా పొగ త్రాగెడిది. ఇటలీ దేశపు ఎమ్మా మొరానో (1899-2017) యౌవనమున వైద్యుడు చెప్పిన మీదట దినమునకు మూడు గ్రుడ్లు తినుచు, అందు రెండు పచ్చివే త్రాగుచు నూటపదునేడేండ్లు గడిపెను. కూరగాయల నామె ఎక్కువ ముట్టలేదు. అమెరికాలో సుజానా మషాట్ జోన్స్ (1899-2016) ఉదయమున ఉప్పుపెట్టిన పందిమాంసము తినెడిది. జపానుదేశపు జిరోయెమాన్ కిమురా (1897-2013) మితాహారమే తన నియమమనెను. అదే దేశమున కానే తనాకా (1903-2022) తీపిపానీయములను, చాక్లెట్టును ఇష్టపడెను. స్పెయినుదేశమున మరియా బ్రాన్యాస్ (1907-2024) పెరుగును ప్రతిదినము సేవించెను. ఒకరు పెండ్లి లేకుండుట మేలందురు. మరియొకరు పెద్దకుటుంబము మేలందురు. ఒకరు మద్యమందురు, ఒకరు ఉపవాసమందురు. ఇందరు వైద్యులు ఇన్ని విధములుగా మందు వ్రాసినచో రోగి ఏది మ్రింగవలెను?

ఈ సందర్భమున లుయీజీ కోర్నారో అను వెనీసుకులీనుని కథ స్మరింపదగినది. యౌవనమున భోగలాలసుడై ఆరోగ్యము చెడగొట్టుకొని, పిదప దినమునకు పండ్రెండు ఔన్సుల ఆహారమును పదునాలుగు ఔన్సుల ద్రాక్షాసవమును మాత్రము పుచ్చుకొను నియమమును బూని, 1558లో మితజీవనమును గూర్చి గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథము యూరోపు భాషలన్నింట చదువబడినది. నూరేండ్లకు చేరువగా బ్రతికెనని లోకప్రసిద్ధి. కాని అతడు 1484 ప్రాంతమున పుట్టి 1566లో మరణించెననియు, అందుచే ఎనుబదిరెండేండ్ల ప్రాంతముననే కాలముచేసెననియు ఆధునికులు తలచుచున్నారు. మితజీవనమును బోధించిన మహనీయుడు తన వయస్సును చెప్పుటలో మాత్రము మితము పాటింపలేదు కాబోలు! 1889లో వెలువడిన ఒక గ్రంథమున జర్మనుతత్త్వవేత్త నీషే ఇతనిని తీవ్రముగా విమర్శించెను. కోర్నారో మితాహారము ఆయువునకు కారణమనుకొనెను. నిజమున అతని శరీరతత్త్వమే అంతకంటె ఎక్కువ ఆహారమును సహింపలేదు. కావున కార్యమును కారణముగా భ్రమించెనని నీషే వాదము. నీషే వాక్కు కటువైనను అందలి తర్కము గట్టిది. తొంబదియేండ్లవాడు నడచుచున్నాడు కావున ఆరోగ్యవంతుడా, లేక ఆరోగ్యవంతుడు కావుననే నడచుచున్నాడా? ఈ ప్రశ్నకు జవాబు ఆ వృద్ధుని మాటలలో దొరకదు.

ఇంతకంటె పెద్దలోపము మరియొకటి గలదు. విలేఖరి బ్రతికియున్నవారినే ప్రశ్నించును. మూడు గ్రుడ్లు తిని ఎనుబదియవయేట చనిపోయినవారెందరో, చుట్టకాల్చి ఏబదియవయేట గతించినవారెందరో, వారెవరును ఆ సంభాషణకు రారు. పరీక్షలో నెగ్గినవానిని మాత్రము పిలిచి, 'ఏ కలముతో వ్రాసితివి?' అని అడిగి, ఆ కలమును అందరిచేత కొనిపించుట ఎట్టిదో ఇదియును అట్టిదే. అదియుగాక నూటపదియేండ్లు దాటినవారిలో ఏటేట సుమారు సగముమంది గతించుచుందురని గణకులు కనుగొనిరి. అనగా పై పదియేండ్లు దాటుట వరుసగా పదిమారులు బొమ్మయే పడుటవంటిది. వేయిమందిలో ఒక్కరికి మాత్రమే అది సిద్ధించును. ఆ యొక్కరు ఎవరో ఒకరు కాక తప్పదు. వారి నోట వచ్చిన మాట రహస్యము గాదు. అదృష్టమునకు పెట్టుకొన్న పేరు.

వంశబలమునకు కొంత చోటు కలదు. డెన్మార్కుదేశమున కవలలను పరీక్షించి 1996లో ప్రకటించిన ఫలితములనుబట్టి, సామాన్యాయుర్దాయములో కనబడు భేదమున సుమారు నాలుగవవంతు మాత్రమే వంశగతమని తేలినది. కాని నూరేండ్లు దాటుటలో వంశముపాలు హెచ్చు. అమెరికాలో నూరేండ్లవారి తోబుట్టువులను పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితములలో, వారి సోదరులకు నూరేండ్లు చేరు అవకాశము ఇతరులకంటె పదునేడురెట్లు, సోదరీమణులకు ఎనిమిదిరెట్లు అధికమని కనబడినది. బ్రాన్యాస్ దేహతత్త్వమును పరిశోధించి 2025లో ప్రకటించినవారును రక్షాకరములైన వంశలక్షణములను ఆమెయందు గుర్తించిరి. నూటపదియేండ్లు దాటినవారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలే. ఎవరును ఉపదేశమును విని తల్లిదండ్రులను ఎంచుకొనజాలరు. స్త్రీగా జన్మింపను జాలరు.

అట్లయినచో ఈ చరిత్రలవలన నేర్వదగినదేమియు లేదా? కలదు, కాని దానిని ఒక్కొక్క వ్యక్తి మాటలలోగాక సంఖ్యలలో వెదుకవలెను. జపానులో 1963లో నూరేండ్లు దాటినవారు 153 మంది. 2025లో 99,763 మంది. రెండుతరములలో ఒక జాతి రక్తము మారదు. మారినది పరిసరము. 1951 మొదలు 1980 వరకు ఆ దేశమున మరణకారణములలో ప్రథమస్థానము మెదడునరముల జబ్బుది. రక్తపోటును కనిపెట్టి అదుపుచేయుట, ఆహారమున ఉప్పు తగ్గించుట, 1961 నుండి ప్రతిపౌరునికి వైద్యబీమా కల్పించుట, ఇవియన్నియు కలిసి ఆ జబ్బును వెనుకకు నెట్టినవి. నాగానో మండలమున ఉప్పు తగ్గింపుడని ఇల్లిల్లు తిరిగి చెప్పిన సేవకుల పేర్లు ఏ పత్రికయు ప్రచురింపలేదు. ఆయూరహస్యము నడుగవలసినది వారిని.

దీనికి ప్రతిదృష్టాంతము ఒకినావా ద్వీపము. దీర్ఘాయువునకు జగత్ప్రసిద్ధమైన ఆ మండలమున పురుషుల ఆయుర్దాయము 1995లో జపాను మండలములలో నాలుగవస్థానమున నుండి 2000 నాటికి ఇరువదియారవ స్థానమునకు దిగజారెను. వంశము అదే, సముద్రము అదే, ఎండయు అదే. చిలగడదుంపలు తిని పొలమున పాటుపడిన తరము వెనుక, క్రొవ్వుపదార్థములు తిని మోటారుకారులలో తిరుగు తరము వచ్చెను. తాతలు సంపాదించిన ఆయువును మనుమలు వారసత్వముగా అనుభవింపలేరని ఒకినావా చాటుచున్నది. స్వదేశమందును ఇదే పాఠము. స్వాతంత్ర్యమునాటికి భారతదేశమున సగటు ఆయుర్దాయము ముప్పదిరెండేండ్ల ప్రాంతము. నేడు డెబ్బదియేండ్ల ప్రాంతము. ఇది ముసలివారు మరింత ముసలివారగుటవలన గాక, పురిటిబిడ్డలు బ్రతుకుటవలన అధికముగా సిద్ధించినది. 1975తో దేశమున మశూచి అంతరించెను. ఆ బిడ్డలు ఎవరి నియమమును పాటింపలేదు. వారికి టీకా వేయబడినది, అంతే.

ఆయువు దీర్ఘమగుట ఒకటి, ఆరోగ్యముతో గడచుట మరియొకటి. రోగకాలమును జీవితపు తుదికి నెట్టి కుదింపవచ్చునని జేమ్స్ ఫ్రైస్ అను వైద్యుడు 1980లో ప్రతిపాదించెను. నూటపదియేండ్లు దాటినవారిలో పెక్కుమందికి పెద్దజబ్బులు చివరి కొలదికాలమున మాత్రమే వచ్చినట్లు 2012లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. అయినను ఆ చరిత్రలలోని మరియొక పుటను విలేఖరులు త్వరగా త్రిప్పివేయుదురు. కల్మా వనిత కుమార్తె 1934లో మరణించెను. ఏకైక మనుమడు 1963లో మరణించెను. అటుపై ముప్పదినాలుగేండ్లు ఆమె తన రక్తసంబంధమున ఎవరును మిగులని లోకమున జీవించెను. కిమురా మాత్రము మనుమలు, మునిమనుమలు గలవాడై కన్నుమూసెను. ఒకరిది పొడవైన దారి; మరియొకరిది తోడుగల దారి. దీవించు పెద్దలు కోరునది ఏదియో విచారింపవలెను.

ప్రయోజనవిచారణ ఇక్కడ ముగియవలసియున్నను, ఒక తెలుగువాని పేరు చెప్పక విడువరాదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధనలు సాగించి, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు పురుగును చంపు మందు, పుట్టకురుపును ఎదుర్కొను మెథోట్రెక్సేట్, అరియోమైసిన్ మున్నగు ఔషధముల వెలికితీతకు కారకుడయ్యెను. ఆయన 1948లో మరణించెను, వయస్సు ఏబదిమూడేండ్లు. నూటఇరువదిరెండేండ్ల జీవితము తనకు మాత్రమే చెందినది. ఈ ఏబదిమూడేండ్ల జీవితము ఎందరి ఆయువులోనో కలిసిపోయినది. దీర్ఘాయుష్మంతుల చరిత్రలను సేకరించువారు తమ గ్రంథమున ఇట్టివారికిగూడ ఒక ప్రకరణము కేటాయించినచో ఆ వాఙ్మయమునకు సమగ్రత సిద్ధించును.

కావున ఈ చరిత్రలను త్రోసిపుచ్చ నక్కరలేదు. చదువవలసిన తీరున చదువవలెను. వృద్ధుని వయస్సును వినినపుడు పత్రమును అడుగవలెను. రహస్యమును వినినపుడు నవ్వి ఊరకుండవలెను. అంగడిలో ఆయువును అమ్మువానిని దూరముగా నుంచవలెను. రక్తపోటు చూపించుకొనుట, ఉప్పును పొగాకును తగ్గించుట, కాలినడక మానకుండుట, బిడ్డలకు టీకాలు వేయించుట, ఇవి వినుటకు రుచించని మాటలైనను ఋజువైన మాటలు. అన్యభాషాప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములు మరియొక పనియు చేయదగును. ఇంట నున్న పెద్దలను ఆయూరహస్యము అడుగుటకు మారుగా, వారు పుట్టిన సంవత్సరము, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తరలివచ్చిన కాలము అడిగి వ్రాసియుంచుట. పండ్రెండు ఔన్సుల లెక్క ఆ పెద్దలతోడనే పోయినను నష్టము లేదు. ఈ వివరములు పోయినచో మరల తెలుపగలవారు ఉండరు.